ఆరోగ్యమునకు అండ నిలిచిన అధికారి



భవానీపూరులోని పెద్దాసుపత్రి ప్రహరీయందు ఒక స్మారక ద్వారము గలదు. నాడు ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిగా నుండిన ఆ సంస్థకు నేడు ఎస్.ఎస్.కె.ఎం. అని పేరు, జనులు మాత్రము పి.జి. ఆసుపత్రి యనియే యందురు. ఆ ద్వారమునకు సమీపముననున్న చిన్న ప్రయోగశాలలో 1898వ సంవత్సరమున రొనాల్డ్ రాస్ పక్షులపై పరిశోధించి, మలేరియా దోమకాటు మూలమున వ్యాపించు విధమును నిరూపించెను. 1927లో ఆ స్మారకము ఆవిష్కరింపబడినపుడు ఆయన స్వయముగా వచ్చియుండెను.

ఈ కథకు పూర్వరంగము తెలుగునేలమీదనే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని తొలిసారి చూచెను. హుస్సేన్ ఖాన్ అను రోగి తన్ను కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొనెనట! అయితే ఆ విజయము చేతికందిన కొలది వారములకే రాస్‌ను అచ్చటినుండి కదలించి, తుదకు రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. పరిశోధన నిలిచిపోయెను. బదిలీ ఉత్తరువు బాధ కేంద్రోద్యోగుల కుటుంబములకు వేరుగ వివరింపనక్కరలేదు. పై అధికారులు ఆయనను ప్రత్యేక విధిపై కలకత్తాకు పంపిన పిమ్మటనే ఆ పని సాగినది. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు వచ్చినది. ఆ ఉత్తరువుపై సంతకము చేసినవారిని తలచువారు అరుదు.

శాస్త్రజ్ఞుడు దారి చూపును. ఆ దారిని నడచుటకు ధనమును, మనుష్యులను, వ్యవధిని ఇయ్యవలసినవాడు పై అధికారి. ఇందుకు పనామా కాలువకంటె మంచి నిదర్శనము లేదు. 1881 నుండి 1889 వరకు ఆ కాలువ త్రవ్వబూనిన ఫ్రెంచి కంపెనీ కాలమున ఇరువదివేల మందికి పైగా పనివారు మరణించిరని అంచనా. మలేరియా, ఎల్లో ఫీవర్ అందుకు ముఖ్య కారణములు. 1904లో అమెరికావారు ఆ పని చేపట్టినపుడు వైద్యుడు విలియం గోర్గాస్ దోమల నిర్మూలనమునకు తీగవలలు, మందులు, మనుష్యులు కావలెనని కోరెను. పాలకమండలికి అది దుబారాగా తోచెను. 1905లో అంటువ్యాధి ప్రబలగా ఉద్యోగులు ఓడలెక్కి పారిపోజొచ్చిరి.

ఆ యేడు జూలైలో జాన్ స్టీవెన్స్ అను రైల్వే ఇంజనీరు ప్రధాన ఇంజనీరుగా వచ్చెను. త్రవ్వకము వేగిరము సాగవలెనని వాషింగ్టన్ తొందరించుచుండగా, ఆయన ఆగస్టులో త్రవ్వకమునే నిలిపివేసెను! ముందు ఇండ్లు, మురుగుకాలువలు, మంచినీరు, వంటశాలలు. పిదపనే మన్ను త్రవ్వుట. గోర్గాస్ అడిగినదెల్ల మంజూరు చేసెను. ఒక దశలో నాలుగువేలమంది ఆరోగ్యశాఖ పనిలోనే యుండిరి. నవంబరు నాటికి పనామా నగరమున ఎల్లో ఫీవర్ అంతరించెను. స్టీవెన్స్ 1907లో తప్పుకొనెను. 1914 ఆగస్టు 15న కాలువ తెరువబడినపుడు పేరు ప్రధానముగా ఆయన తరువాతివాడైన గోథల్స్‌కు దక్కినది.

స్టీవెన్స్ పాలనము నిష్కళంకమని చెప్పరాదు. తీగవలల ఇండ్లు ముఖ్యముగా తెల్ల ఉద్యోగులకే లభించెను. కరీబియన్ దీవులనుండి వచ్చిన నల్లజాతి కూలీల వసతులు హీనములు. 1906లో వారి మరణముల నిష్పత్తి తెల్లవారికంటె మిక్కిలి హెచ్చు. అభినందనపత్రము వ్రాయువారు ఈ లెక్కను దాటవేయరాదు.

కార్యాలయములలో సన్మానములకు కొదువలేదు. ఫైళ్ళు త్వరగా కదలించినవారికి, బడ్జెటు మిగిల్చినవారికి శాలువలు కప్పుదురు. గుమాస్తా కంటిపరీక్షకు సగము పూట సెలవిచ్చి, ఆ రోజు ఆలస్యమైన పనికి పైవారియెదుట తానే సమాధానము చెప్పుకొన్న అధికారికి శాలువ కప్పినది ఎవరు? కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము 1954లో ఢిల్లీలో ఆరంభమై, తరువాత కలకత్తాకు వచ్చినది. అయినను డిస్పెన్సరీకి పోవుటకు సెలవుచీటిపై సంతకము సెక్షనులోనే కావలెను గదా.

అట్టి అధికారులను సాంస్కృతిక సంఘములు వార్షికోత్సవ వేదికపై గౌరవించుట ఉచితము. అయితే ఎంపిక పై అంతస్తునుండి ఆరంభము కారాదు. సన్మానపత్రము అచ్చుకు పంపుటకు ముందు వాకిట కూర్చున్న బంట్రోతును, మెట్లు తుడుచు స్త్రీని అడిగి చూడవలెను: వారు మంచినీరు ఎచ్చట త్రాగుచున్నారు? జ్వరము వచ్చిన దినమున వారిని ఇంటికి పంపినది ఎవరు?