సంతకానికి ముందు

  ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీ గురించి నా బెంగ ఒక్కటే. అంతర్జాతీయ న్యాయం చదివినవాళ్లకు సిద్ధాంతాలు వస్తున్నాయి, కాగితం చదవడం రావడం లేదు. సార్వభౌమత్వం మీద గంటసేపు మాట్లాడతారు. ఎదుటున్న పత్రంలో ఎవరు, ఏ హోదాలో, దేనికి ఒప్పుకున్నారో చెప్పమంటే పక్కవాళ్ల ముఖం చూస్తారు. పెద్దాయన చాదస్తం అనుకునే ముందు బహ్రెయిన్ సంగతి వినండి.

హవార్ దీవులు, జుబారా ఎవరివన్న తగాదా బహ్రెయిన్, ఖతార్‌ల మధ్య దశాబ్దాలు నలిగింది. సౌదీ రాజు మధ్యవర్తిత్వం సాగుతుండగా, 1990 డిసెంబరులో దోహాలో విదేశాంగ మంత్రులు ఒక సమావేశపు మినిట్స్ మీద సంతకాలు చేశారు. మరుసటి ఏడాది ఖతార్ ఆ మినిట్స్‌నూ, ఆ మధ్యవర్తిత్వంలో నడిచిన 1987 నాటి ఉత్తరాలనూ పట్టుకుని ద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. తన దేశాన్ని చట్టపరంగా కట్టిపడేసే ఉద్దేశంతో సంతకం చేయలేదన్నారు బహ్రెయిన్ మంత్రి. 1994 జులై 1న కోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. ఇరుపక్షాలూ అంగీకరించిన బాధ్యతలు ఆ రాతలో ఉన్నాయి కనుక అది అంతర్జాతీయ ఒప్పందమేనంది. 1995లో విచారణాధికారం తనకుందని తేల్చింది.

కాగితాల పాఠం అక్కడితో ఆగలేదు. ఖతార్ దాఖలు చేసిన 82 పత్రాలు నకిలీవని బహ్రెయిన్ అభ్యంతరపెట్టింది. చివరికి వాటిని పక్కన పెట్టేస్తున్నానని ఖతారే చెప్పుకోవలసి వచ్చింది. 2001 మార్చి 16 నాటి తీర్పులో హవార్ బహ్రెయిన్‌కు, జుబారా ఖతార్‌కు దక్కాయి. హవార్‌ను తేల్చినదీ పాత కాగితమే. బ్రిటన్ నిర్ణయించడానికి ఇద్దరు పాలకులూ సమ్మతించారు కనుక 1939 నాటి నిర్ణయం ఇద్దరికీ శిరోధార్యమేనంది కోర్టు.

కాగితాలు తిరగేయడం గుమాస్తా పని కదా, దానికి ఇన్నేళ్ల చదువెందుకు అనవచ్చు. మినిట్స్‌లో ఏముందో గుమాస్తా చదివి చెప్పగలడు. అది ఒప్పందమా కాదా అన్నది మాత్రం ఒప్పందాల న్యాయం తెలిసినవాళ్లే చెప్పాలి. పేరేదైనా స్వభావమే ముఖ్యమని 1969 వియన్నా ఒడంబడిక చెబుతుంది. ఆ సూత్రాన్ని పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. చర్చల బల్ల దగ్గర గుర్తొస్తేనే దేశానికి పనికొస్తుంది. దేశాల తగాదాలు మాకెందుకు, కంపెనీల కేసులు చూసుకుంటామనేవాళ్లూ మీలో ఉన్నారు. సరే, చూసుకోండి. బహ్రెయిన్‌లో 2010లో వివాద పరిష్కార కేంద్రం మొదలైంది. 2015లో ఐక్యరాజ్యసమితి నమూనా చట్టమే అక్కడి ఆర్బిట్రేషన్ చట్టమైంది. ఆ నమూనాకు 2006లో చేసిన సవరణలో ఈ-మెయిల్‌లో కుదిరిన ఆర్బిట్రేషన్ ఒప్పందం కూడా రాతపూర్వకమేనన్న నిబంధన ఉంది. అంటే ప్రమాదం తగ్గలేదు, జేబులోని ఫోనులోకి దిగింది.

అందుకే మా అధ్యాపకులకో మాట. మూట్ కోర్టులో వాక్చాతుర్యానికి కప్పులిచ్చినంత ఉత్సాహంగా, ఒక అసలు ఫైలు ఇచ్చి అందులోని తేదీలు, ముద్రలు, సంతకాలు పరీక్షించమనండి. అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీకూ ఒకటి. "ఉత్త లాంఛనమే, సంతకం పెట్టేయండి" అని ఎవరైనా అన్నారంటే ఆ కాగితాన్ని రెండుసార్లు చదవండి. కాసేపట్లో గౌన్లు వాపసిచ్చేటప్పుడు ఆఫీసువాళ్లు ఒక రిజిస్టరు మీ ముందుకు జరుపుతారు. చినిగితే ఎంత కట్టాలో అందులో రాసే ఉంటుంది. అభ్యాసం అక్కడే మొదలుపెట్టండి.