మేపుల్ మొలకలు నేర్పిన పాఠం
(భిలాయ్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను యుద్ధ అనుభవాలు చెప్పమన్నారు. అవి మీ అందరి దగ్గరా ఉన్నాయి. నేను ఈ రోజు మొక్కల గురించి చెబుతాను. నేను ఇంటర్ చదివి పట్టాళంలో చేరినవాణ్ణి. వృక్షశాస్త్రం నాకు తెలియదు. చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది మాత్రమే చెబుతాను.

ఉత్తరాఖండ్ కొండల్లో మా యూనిట్ ఉన్నప్పుడు ఒక ఏడాది ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది. గేటు దగ్గర ఒక మేపుల్ చెట్టు ఉండేది. అక్టోబరు వచ్చేసరికి ఆకులన్నీ ఎర్రబడేవి. మా ఆవిడ అది చూసి, "ఏమండీ, మీరు రిటైరయ్యాక మన ఇంట్లో కూడా ఇలాంటి చెట్టు ఒకటి వెయ్యాలి" అంది. సరే అన్నాను. రిటైరై వచ్చేటప్పుడు ఆ చెట్టు కింద రాలిన విత్తనాలు గుప్పెడు ఏరి ట్రంకు పెట్టెలో వేసుకున్నాను.

ఇక్కడ ఒక మాట. కాశ్మీరులో పనిచేసిన మన సోదరులు చాలామంది చినార్‌నే మేపుల్ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మన 15వ కోర్‌ను చినార్ కోర్ అని పిలిచేది ఆ చెట్టు పేరు మీదే. ఆకు చూడ్డానికి మేపుల్‌లాగే ఉంటుంది గాని రెండూ వేరు. మేపుల్ ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జంటగా వస్తాయి, చినార్ ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. చినార్ కాయ గుండ్రంగా బంతిలా వేలాడుతుంది. మేపుల్ విత్తనానికి రెక్క ఉంటుంది, హెలికాప్టర్‌లాగ గిరగిరా తిరుగుతూ కిందికి దిగుతుంది. మేపుల్‌లో వందకు పైగా రకాలున్నాయి, మన హిమాలయాల్లోనూ కొన్ని ఉన్నాయి. 1965 నుంచి కెనడా జెండా మీద ఉన్నది ఈ మేపుల్ ఆకే.

మొదటి ఏడాది ఆ విత్తనాలు నేరుగా కుండీలో వేశాను. ఒక్కటీ మొలవలేదు. తర్వాత తెలిసింది, చలికాలం గడిచిందని నమ్మకం కలిగితే గాని ఆ విత్తనం కళ్లు తెరవదట. రకాన్ని బట్టి రెండు నుంచి నాలుగు నెలలు తడి, చలి రెండూ ఉండాలి. రెండో ఏడాది, ఇంకా సర్వీసులో ఉన్న మిత్రుడొకడు సెలవుకి వస్తూ మళ్లీ విత్తనాలు తెచ్చాడు. ఒక రోజు నీళ్లలో నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, పాలిథీన్ కవరులో కట్టి, తేదీ రాసి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాను. ఫ్రీజరులో కాదు సుమండీ! వారానికొకసారి బూజు పట్టిందేమో చూసేవాణ్ణి. మూడు నెలలకు తెల్లటి వేళ్లు కనపడ్డాయి. నలభై వేస్తే పదకొండు మొలిచాయి. ముందు సన్నగా పొడుగ్గా రెండు ఆకులు వచ్చాయి, ఆ తర్వాతే అసలు ఆకులు. ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నాం.

ఏప్రిల్ వచ్చింది. భిలాయ్ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు, దానికి తోడు వడగాలి. ఆకుల అంచులు కాలిపోయాయి. జూన్ నాటికి పదకొండూ పోయాయి.

నేను ఊరుకుంటానా? మూడో ఏడాది ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టాను, గోనె సంచులు తడిపి చుట్టూ వేలాడదీశాను, పూటపూటా నీళ్లు చల్లాను. నాలుగు మొక్కలు ఎండాకాలం గట్టెక్కాయి. వానాకాలంలో కుండీలో నీరు నిలిచి రెండింటికి వేరు కుళ్లింది. మిగిలిన రెండూ చలికాలం నిద్రపోవాలి. ఇక్కడ జనవరి రాత్రి పది, పన్నెండు డిగ్రీలున్నా పగలు ఇరవై ఏడు దాటుతుంది. వాటికి నిద్రా లేదు, మెలకువా లేదు. మళ్లీ మే నెలలో అవీ పోయాయి.

ఎండిన కుండీ పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వచ్చి అంది: "ఎందుకండీ దాన్ని హింస పెడతారు? బతకడానికే దానికి ఏడాదంతా సరిపోతోంది. ఇంక పెరగడం ఎప్పుడు?"

ఆ మాట మొక్క గురించే అంది. నాకు మాత్రం వేరే తగిలింది. రిటైరైన ఆ మూడేళ్లూ నేను ఇంటిని యూనిట్‌లా నడపాలని చూశాను. పొద్దున్న ఐదింటికి అందరూ లేవాలి. ప్రతి మాటకీ "మా యూనిట్‌లో అయితేనా..." అనేవాణ్ణి. మా అబ్బాయి నా భోజనం అయిపోయేదాకా ఫ్రెండ్స్ ఇంట్లో ఉండి అప్పుడు వచ్చేవాడు. కొండ మీద చెట్టుని తెచ్చి మైదానంలో పెట్టి, ఇక్కడి గాలిని తిట్టినట్టే ఉంది నా సంగతి.

ఆ తర్వాత మార్చిలో దల్లీ రాజహరా వైపు ఒక పెళ్లికి వెళ్తున్నాం. రోడ్డు పక్కన ఒక చెట్టు నిండా ఎర్రటి ఆకులు. మా ఆవిడ బస్సులోనే నా భుజం తట్టి, "అదిగో మన చెట్టు!" అంది. వాకబు చేస్తే కుసుమ్ అన్నారు. మన తెలుగులో పుసుగు. లక్క పురుగుల్ని పెంచే చెట్టు అది. మేపుల్‌కి ఆకు రాలే ముందు ఎరుపు వస్తే, దీనికి చిగురు వేసేటప్పుడు ఎరుపు వస్తుంది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి పుస్తకం చూసి ఇంకో సంగతి చెప్పింది. పూర్వం మేపుల్‌ని విడి కుటుంబంగా లెక్కవేసేవారట. ఇప్పుడు మన కుంకుడు కుటుంబంలో కలిపారు. మన లిచీ, ఈ పుసుగు కూడా ఆ కుటుంబమే. నేను మూడేళ్లు వెతికిన చెట్టు బంధువు మన ఊరి రోడ్డు పక్కనే ఉందన్నమాట!

ఎవరికైనా పెంచాలని ఉంటే నేను చేసింది చెబుతాను. జూన్, జూలైలో పండు పండుతుంది. పులుపుగా ఉండే గుజ్జు తీసేసి, విత్తనం కడిగి, నిలవ పెట్టకుండా వెంటనే వెయ్యాలి. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి పొడుగాటి సంచుల్లో నింపాలి. మొదటి నెల సగం నీడ, తర్వాత కొద్దికొద్దిగా ఎండ అలవాటు చెయ్యాలి. నెలకొకసారి సంచి జరపాలి, లేకపోతే వేరు నేలలోకి దిగిపోతుంది. ఏడాది సంచిలో పెంచి మరుసటి తొలకరికి నాటాలి. మనది మొరం నేల కాబట్టి రెండడుగుల గొయ్యి మే నెలలోనే తవ్వి ఎండనివ్వాలి. పెద్ద చెట్టు అవుతుంది, గోడకి ఇరవై అడుగులు దూరం ఉంచండి. స్థలం మనది కాకపోతే అనుమతి తీసుకోండి. మేకల నుంచి కంచె, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పనిసరి. ఎదుగుదల మెల్లగా ఉంటుంది, తొందరపడకండి.

ఇంకొక హెచ్చరిక. విదేశాల్లో ఉన్న పిల్లల చేత విత్తనాలు సూట్‌కేసులో తెప్పించకండి. అనుమతి, తనిఖీ పత్రం లేకుండా తేవడం చట్టవిరుద్ధం. వాటితో తెగుళ్లు కూడా వస్తాయి.

మా నాన్నగారు 1960లలో శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రేకు పెట్టెతో ఇక్కడికి వచ్చారు. ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి భాష నేర్చుకుని, ఇంట్లో మాత్రం తెలుగు పోనివ్వకుండా బతికారు. నాకు అది చిన్నప్పటి నుంచీ కళ్లెదుటే ఉంది. అర్థం కావడానికి మూడేళ్ల మేపుల్ మొక్కలు చచ్చిపోవాల్సి వచ్చింది.

రేపు రిటైరై వచ్చే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒకటే. క్రమశిక్షణ వదలమని కాదు. ఇంట్లోవాళ్లు మనం లేకుండా ఇన్నేళ్లు ఎలా నడుపుకున్నారో ముందు ఒక ఏడాది చూడండి. తర్వాత మాట్లాడండి.

మా పుసుగు చెట్టు ఇప్పుడు పది అడుగులుంది. నాటిన నాలుగో ఏట మార్చిలో మొదటిసారి ఎర్రగా చిగురించింది. మా అబ్బాయికి ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. సెలవుకి వస్తే ముందు చెట్టు దగ్గరికి వెళ్తాడు, తర్వాత నా దగ్గరికి వస్తాడు. ఇద్దరం కలిసే భోంచేస్తాం.



జై హింద్.