ఆ టిల్డే గుర్తు ఎవరి ఇంటిది?

కర్ణాటకలోని పావగడ తాలూకా వల్లూరు, తిరుమణి పరిసరాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. అంతటి చోట గంటగంట లెక్కలకు మనిషిని కూర్చోబెట్టడం కుదరదు. లినక్స్ కంప్యూటర్లలో ఇలాంటి పనిని వేళకు మొదలుపెట్టేది క్రాన్. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోనే ఉన్న పాత ఏర్పాటు ఇది. అయితే చేత్తో నడిపినప్పుడు సాఫీగా సాగిన స్క్రిప్టు, అర్ధరాత్రి క్రాన్ నడిపితే ఫైలు లేదంటుంది. తప్పు క్రాన్‌దే అనుకోవడం సహజం, కానీ సరికాదు. మనం లాగిన్ అయినప్పుడు షెల్ మన సెట్టింగులు చదువుకుంటుంది. క్రాన్ వాటి జోలికి పోదు. హోమ్ అనే విలువను ఇస్తుంది గానీ, పని ఎవరి పేరున నడుస్తోందో వారి ఇంటినే, అంటే వారి హోమ్ ఫోల్డరునే చూపిస్తుంది. రూట్ యూజరు క్రాన్ పట్టికలో రాస్తే సాధారణంగా అది స్లాష్ రూట్ అవుతుంది, మన ఫోల్డరు కాదు. పైగా టిల్డే (~) గుర్తును ఇంటి దారిగా మార్చేది షెల్. కొటేషన్లలో పెట్టినా, పైథాన్‌లో ఫైలు తెరిచే ఆజ్ఞకు నేరుగా ఇచ్చినా అది ఉత్త గుర్తుగానే మిగిలిపోతుంది.

అందుకే స్లాష్ హోమ్ నుంచి పూర్తి దారి రాయమంటాను. యూజరు మారితే అదీ చెడుతుంది కదా అనవచ్చు. నిజమే, కనుక ఆ దారిని స్క్రిప్టు మొదట్లో ఒక్కచోటే వేరియబుల్‌గా పెట్టాలి, అప్పుడు మార్చేది ఒక్క వరుసే. ఊహలతో వెతకడం కన్నా, క్రాన్ చేతనే ఎన్విరాన్‌మెంట్ విలువలను ఒక ఫైలులోకి రాయించి చూడటం మేలు. తప్పుల సందేశాలనూ లాగ్ ఫైలులోకి మళ్లించండి, ఆ లాగ్ దారినీ పూర్తిగానే రాయండి.