వ్యసనమంటే దుఃఖం కూడా: ఆరోగ్యం, ఒత్తిడి, వ్యసనం అనే మూడు మాటలు



బ్రతుకుదెరువు కోసం బెంగళూరుకు వచ్చి స్థిరపడిన మన తెలుగువారితో మానసికారోగ్యాన్ని గురించి మాట్లాడే అవకాశం కల్పించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఈనాటి నా ప్రసంగం మూడు మాటలను గురించి. ఆరోగ్యం, ఒత్తిడి, వ్యసనం. ఇవి మనం నిత్యం వాడే మాటలే. అయితే ఒక మాటకు మనం ఎంత అర్థం ఇస్తామో, ఆ బాధ కలిగినప్పుడు అంతవరకే సహాయం వెదుక్కుంటాం. అందుచేత నిర్వచనాలు పండితులకే కాక మన ఇళ్ళకు కూడా అవసరం.

మొదటిది ఆరోగ్యం. 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ప్రకారం, రోగం లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదు. శరీరం, మనస్సు, సామాజిక జీవనం మూడూ సంపూర్ణంగా బాగుండాలి. ‘సంపూర్ణంగా’ అనే పదాన్ని పట్టుకుంటే లోకంలో ఆరోగ్యవంతుడే ఉండడని తరువాతివారు ఆక్షేపించారు. కష్టానికి తగినట్లు సర్దుకొని తన జీవితాన్ని తాను నడుపుకోగల శక్తియే ఆరోగ్యమని 2011లో కొందరు వైద్యులు ప్రతిపాదించారు. మన ‘స్వస్థత’ అనే మాటకు తనయందు తాను నిలిచి ఉండటమని అర్థం. ఈ రెండు భావాలూ దగ్గరివే. రక్తపరీక్షలన్నీ సరిగా ఉన్నా, నెల రోజులుగా నిద్రలేక ఎవరితోనూ మాట్లాడని మనిషి స్వస్థుడు కాడు. వలస వచ్చినవారు మొదట పోగొట్టుకునేది సామాజిక జీవనాన్నే. ‘ఏం నాయనా, అలా ఉన్నావు?’ అని అడిగే పెద్దలు ఊరిలోనే ఉండిపోయారు.

రెండవది ఒత్తిడి. మీదపడిన ప్రతి భారానికీ శరీరం ఒకే తీరున స్పందిస్తుందని హాన్స్ సెల్యే 1936లో ప్రకటించాడు. మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో దీనికి మరొక కోణం చేర్చారు. భారం ఎంత అన్నది ఒక్కటే కాదు, దానిని మోయడానికి తన దగ్గర ఉన్న బలం చాలదని మనిషి తలచినప్పుడే అది ఒత్తిడి అవుతుందన్నారు. డబ్బు, ఆరోగ్యం, అనుభవం వలెనే ఆదుకునే మనుషులు కూడా బలమే. ఇంటి అద్దె, పని గంటలు ఇద్దరికీ ఒకటే అయినా, కష్టం చెప్పుకునేందుకు ఒక తోడు ఉన్నవాడి ఒత్తిడి వేరు, ఒంటరివాడి ఒత్తిడి వేరు. కనుక ఒత్తిడికి లోనైనవారిని పిరికివారనడం న్యాయం కాదు. కొద్దిపాటి ఒత్తిడి పనికి ఊతమిస్తుంది. విశ్రాంతి లేక కొనసాగేదే హాని చేస్తుంది.

మూడవది వ్యసనం. ఈ మాట వినగానే జూదం, మద్యం చేరిన సప్తవ్యసనాలు గుర్తుకు వస్తాయి. అది నిందతో కూడిన అర్థం. కాని నిఘంటువులో వ్యసనానికి దుఃఖం, ఆపద అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘వ్యసనపడవద్దు’ అని పెద్దలు ఓదార్చేవారు. వైద్యం ఈ రెండవ అర్థానికే దగ్గరగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదవ వ్యాధి వర్గీకరణ ఇందుకు ఆరు లక్షణాలు చెప్పింది. తీవ్రమైన తపన, అదుపు తప్పడం, మానితే శరీరం బాధపడటం, మోతాదు పెరుగుతూ పోవడం, ఇతర పనులపై ఆసక్తి తగ్గడం, హాని తెలిసినా మానలేకపోవడం. ఒక సంవత్సరంలో వీటిలో మూడైనా కలిసి కనిపిస్తే అది చికిత్స అవసరమైన స్థితి. ఇందులో ‘బుద్ధిలేనితనం’ అనే లక్షణం లేదు. 2022 నుండి అమలులోకి వచ్చిన పదకొండవ వర్గీకరణలో అదుపు తప్పిన వీడియో ఆటలకూ చోటు దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలాకాలంగా రోజూ ఎక్కువగా త్రాగేవారిని పంతం పట్టి ఒక్కసారిగా మాన్పించవద్దు. కొన్ని గంటలలోనే చేతులు వణకవచ్చు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులలో మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

మన తెలుగునేల ఈ విషయంలో ఒక పెద్ద పాఠం నేర్పింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. ఇక్కడ కర్ణాటకలోనూ 2007లో సారాను నిషేధించారు. సీసా అందుబాటును తగ్గించడం సమాజం చేయగల పని. అలవాటుపడిన శరీరానికీ, దుఃఖపడుతున్న మనస్సుకూ చికిత్స చేయడం వేరొక పని. ఒకటి జరిగినంత మాత్రాన రెండవది జరిగినట్లు కాదు.

ఆ రెండవ పనికి ఈ నగరంలోనే గొప్ప వసతి ఉన్నది. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ 1974 డిసెంబరు 27న ఏర్పడిన సంస్థ. అక్కడ వ్యసన చికిత్సా కేంద్రం ఉన్నది. ఫోను, ఇంటర్నెట్ వినియోగం అదుపు తప్పినవారికి 2014 నుండి ప్రత్యేక క్లినిక్ నడుస్తున్నది. అయినా నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం, మద్య సమస్య ఉన్నవారిలో సుమారు 86 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆసుపత్రులు తక్కువ కావడం ఇందుకు ఒక కారణం. ఇది జబ్బని ఇంట్లో ఎవరూ అనుకోకపోవడం మరొక కారణం.

భాష అడ్డమని వెనుకాడవలసిన పని లేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా, రాత్రింబవళ్ళు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. త్రాగేవారే ఫోను చేయాలని లేదు. భార్య గాని, తల్లి గాని, గదిలో తోడుండే స్నేహితుడు గాని సలహా అడగవచ్చు.

మీ ఇంటిలో, మీ పనిచోట ఇటువంటి మనిషి ఉంటే, ‘ఎందుకు త్రాగుతున్నావు?’ అని నిలదీసే ముందు ‘రాత్రి నిద్ర పడుతున్నదా?’ అని అడగండి. అతడు చెప్పేది ఓపికగా వినండి. పిమ్మట వైద్యుని దగ్గరకు తోడు వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళమంటే చాలామంది వెళ్ళరు.