పతకం కంటే ముందు



ఈ బీపీఈడీ, ఎంపీఈడీ స్నాతకోత్సవంలో ఇప్పుడే బంగారు పతకాలు ఇచ్చాం. పేరు పిలవగానే ఒక్కొక్కరూ మెట్లెక్కి వచ్చారు. ఆ పతకాలన్నీ ఎవరో ఒకరి పేరు మీద ఉన్నవే. ఒక కొడుకు తండ్రి జ్ఞాపకార్థం, ఒక శిష్యుడు గురువుగారి పేరిట విశ్వవిద్యాలయంలో ధర్మనిధి పెడతారు. దాని మీద వచ్చే వడ్డీతో ఏటా పతకం చేయిస్తారు. దాతలు మంచి మనసుతో ఇచ్చారు, పుచ్చుకున్నవాళ్లు కష్టపడి పుచ్చుకున్నారు. ఇద్దరికీ నా అభినందనలు. అయితే ఈ వేదిక మీద నేను చెప్పదలచుకున్న మాట ఆ పతకాల గురించే. మన వ్యాయామ విద్యలో డబ్బు ఆలస్యంగా వస్తోంది. పరుగు పూర్తయ్యాక వస్తోంది, చదువు ముగిశాక వస్తోంది. అది మొదట్లో రావాలి.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల టీ20 (మేధో వైకల్య విభాగం) పరుగులో మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి కాంస్యం గెలిచింది. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. పతకం వచ్చాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఆమెకు అది దక్కాల్సిందే. అయితే ఆ కోటికి కొన్నేళ్ల ముందు సంగతి చూడండి. తల్లిదండ్రులు కూలికి వెళ్లే ఇల్లు. ఆ పిల్ల పరుగులో ఏదో ఉందని మొదట కనిపెట్టింది బడిలోని పీఈటీ. హైదరాబాద్ పంపించండని కోచ్ నాగపురి రమేష్ అడిగితే, బస్సు ఛార్జీలకే కష్టమైన పరిస్థితి. ఆ రోజు ఆ కొద్దిపాటి డబ్బు సర్దుబాటు కాకపోయుంటే, ఆ పీఈటీ చూసీ చూడనట్టు ఊరుకునుంటే, తర్వాత కోటి రూపాయలు ఎవరికిచ్చేవాళ్లం?

ఆ పీఈటీ ఉద్యోగానికే మీరు ఈ రోజు అర్హత సంపాదించారు. అందుకే మీ చదువుకు అయ్యే ఖర్చు గురించి కాస్త వివరంగా మాట్లాడతాను.

మీలో చాలామంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివినవాళ్లే అనుకుంటున్నాను. అది లేకపోతే ఈ హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో వంద మీటర్లు పరుగెత్తి, గుండు విసిరి, మీ ఆటలో నైపుణ్యం చూపించి మైదానంలో సీటు తెచ్చుకున్నారు. ఆ తర్వాత మీసేవ ముందు నిలబడి ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం తెచ్చి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, వేలిముద్రలు వేసి ఆ సీటు నిలబెట్టుకున్నారు. మొదటి పరీక్షకు సాధన చేసి వచ్చారు. రెండో దాంట్లో చేయిపట్టుకుని నడిపించే మనిషి లేక ఆగిపోయిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లు ఈ రోజు ఈ హాల్లో లేరు.

ఇక బకాయిలు. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ టీసీ ఆపుతుంది. టీసీ లేక పై చదువు ఆగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది పాత కథే, ఏ ఒక్క ప్రభుత్వం కాలానికో పరిమితమైంది కాదు. పాలకులకు నా విన్నపం ఒక్కటే: మంజూరైన స్కాలర్‌షిప్ ఆ విద్యాసంవత్సరంలోనే చేతికందాలి. చదువు అయిపోయిన రెండేళ్లకు వచ్చే స్కాలర్‌షిప్ అప్పు తీర్చడానికి పనికొస్తుందేమో గానీ చదువుకోవడానికి పనికిరాదు.

ఫీజు సంగతి అలా ఉంచండి. తిండి మాటేమిటి? ఇక్కడే మన చదువు మిగతా చదువులకంటే వేరు. తెల్లవారకముందే లేచి గ్రౌండ్‌కు వెళ్తారు. వార్మప్, ప్రాక్టికల్స్, ఆ తర్వాత శరీర నిర్మాణ శాస్త్రం క్లాసు, కైనిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) క్లాసు, సాయంత్రం మళ్లీ గ్రౌండ్. కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించిన ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల ప్రకారం హాస్టల్లో ఉండే విద్యార్థికిచ్చే భత్యంలో అన్నిటికంటే పై మెట్టు ఏడాదికి 13,500 రూపాయలు. అది పెద్ద వృత్తివిద్యా కోర్సులకు. అంటే రోజుకు 37 రూపాయలు. కింది మెట్ల కోర్సులకు ఇంకా తక్కువ.

ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క తీయండి. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని 2020లో చెప్పింది. 60 కిలోల కుర్రాడికి దాదాపు 50 గ్రాములు. అదే కఠినమైన సాధన చేసే శరీరానికి కిలోకు 1.4 నుంచి 2 గ్రాములు కావాలని క్రీడా పోషకాహార నిపుణుల అంతర్జాతీయ సంఘం 2017లో చెప్పింది. అంటే అదే కుర్రాడికి తక్కువలో తక్కువ 84 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. రోజుకు ఐదారు గుడ్ల తేడా ఇది. హాస్టల్ మెనూలో ఆ ఐదారు గుడ్లు ఎక్కడున్నాయి? బల్ల ముందు కూర్చుని చదివే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని కట్టిన భత్యాన్ని రోజుకు రెండు పూటలా గ్రౌండ్‌లో చెమటోడ్చే విద్యార్థికీ ఇస్తున్నాం. పైగా అదే విద్యార్థి క్లాసులో కండరం మరమ్మతుకు ప్రొటీన్ ఎంత అవసరమో రాసుకుంటాడు. ఈ పరిస్థితి మారాలి. వ్యాయామ విద్యకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో ఆహార భత్యం, బూట్ల ఖర్చు విడిగా ఉండాలి.

ఖేలో ఇండియా పథకం ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది, మంచి పథకం. ఎంపికైన క్రీడాకారుడి మీద ఏడాదికి 6.28 లక్షల రూపాయలు పెడుతుంది. అందులో నెలకు 10,000 చేతి ఖర్చులకే ఇస్తుంది. ఆ లెక్క వేసినవాళ్లకు శరీరం ఖర్చు ఎంతో తెలుసు. అయితే అది పోటీకి దిగే క్రీడాకారుడి కోసం. ఆ క్రీడాకారుణ్ణి పదేళ్ల వయసులో బడిలో గుర్తించాల్సిన మాస్టారి చదువు దాని పరిధిలోకి రాదు. పైకప్పుకు పెట్టిన డబ్బులో కొంత పునాదికీ పెట్టమని నేను కోరుతున్నాను.

మాస్టారి చదువుకు అంత విలువుందా అనేవాళ్లకు మన గడ్డ మీది ఇద్దరి పేర్లు చెబుతాను. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని అందరూ సర్కస్ వస్తాదుగానే గుర్తుపెట్టుకున్నారు. ఆయన అంతకు ముందు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే పిల్లలకు వ్యాయామం నేర్పారు. రెండో ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడుల్లో మాస్టారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ స్థాయికి మన ఫుట్‌బాల్ ఇంతవరకూ మళ్లీ చేరలేదు. ఒక బడి మాస్టారు దేశాన్ని అంత దూరం తీసుకెళ్లారు.

మన చదువుకు ఇంకో వంశవృక్షం కూడా ఉంది. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టారు. అదే విద్యాసంస్థ నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టారు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మన డ్రిల్లు మాస్టార్లలో ఎందరో అక్కడ చదువుకుని వచ్చినవాళ్లే. ఆ తర్వాత 1957లో గ్వాలియర్‌లో రాణీ లక్ష్మీబాయి పేరిట జాతీయ స్థాయి కళాశాల వచ్చింది. 2018లో ఇంఫాల్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వచ్చింది. సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి గారు 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. భవనాలు వస్తున్నాయి, పదవులు వస్తున్నాయి. విద్యార్థి చేతికి వచ్చే నెలసరి భత్యం మాత్రం ఆ వేగంతో రావడం లేదు.

మీ పట్టా పతకాల కోసమే అని కూడా అనుకోవద్దు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్లను పరిశీలించారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొడతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. శారీరక శ్రమకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపించిన తొలి పెద్ద అధ్యయనాల్లో అది ఒకటి. ఇప్పుడు మన పరిస్థితి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022 నాటికి భారతీయ వయోజనుల్లో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. ఆడవాళ్లలో ఇది 57 శాతం. మధుమేహం ఉన్నవాళ్లు దేశంలో పది కోట్లు దాటారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు గంటసేపు ఒళ్లు వంచి ఆడాలి. ఆ గంటను గణితం మాస్టారు అడిగి తీసుకోకుండా కాపాడగలిగేది బడిలో మీరొక్కరే.

పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. యూజీసీ నెట్‌లో వ్యాయామ విద్య ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం వేరే. సాధారణ వయసు పరిమితి ముప్పై. ఎంపీఈడీ అవగానే ఏదో ఒక ప్రైవేటు బడిలో చేరిపోయి ఆ వయసు దాటించుకోకండి. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు కూడా తెలుసుకోండి. అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల్లోని కైనిసియాలజీ విభాగాల్లో ల్యాబుల్లో సాయం చేస్తూ, డిగ్రీ విద్యార్థులకు వ్యాయామం నేర్పుతూ నెలసరి భత్యం తీసుకుని చదివే పద్ధతి ఉంది. ఏజెంటు మాట విని అప్పు చేసే ముందు ఆ విభాగం వెబ్‌సైటు చూసి, ఆచార్యులకు నేరుగా ఉత్తరం రాయండి.

అక్కడి ఇంకో పద్ధతి మనం నేర్చుకోదగ్గది. పూర్వ విద్యార్థులు తమకు నేర్పిన కోచ్ పేరిట, తమతో ఆడి చనిపోయిన స్నేహితుడి పేరిట చిన్నచిన్న స్కాలర్‌షిప్‌లు పెడతారు. అవి చదువు మధ్యలో ఉన్నవాళ్లకు అందుతాయి. మనకూ ధర్మనిధి సంప్రదాయం ఉంది. దాని దిశ మార్చుకుంటే చాలు. ఐదు లక్షల నిధి మీద ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 35,000 రూపాయలు. విద్యాసంవత్సరంలో పది నెలలకు నెలకు 3,500. మొదటి సెమిస్టర్‌లో చేరిన ఒక పేద పిల్లకు ఏడాది పొడవునా పాలు, గుడ్లు, ఒక మంచి జత బూట్లు. ఈ విశ్వవిద్యాలయ పెద్దలను నేను కోరేది ఇది: కొత్తగా ధర్మనిధి పెట్టడానికి వచ్చే దాతకు పతకంతోపాటు ఈ దారి కూడా చూపించండి. దాత తండ్రి పేరు దానికీ పెట్టవచ్చు. ఎంపికకు మార్కులు ఒక్కటే చూడకండి. పీఈసెట్‌లో మైదానంలో చూపిన ప్రతిభ, ఇంటి ఆదాయం రెండూ చూడండి. ఆడపిల్లలకు సగం కేటాయించండి. పెళ్లి పేరుతో ఎంపీఈడీ మానేసే అమ్మాయిల్లో కొందరిని ఈ మాత్రం సొంత డబ్బే చదువులో నిలపగలదు.

పట్టభద్రులారా, మీకిచ్చే పని దీనికంటే చిన్నది, కానీ ఈ ఏడాదే మొదలుపెట్టాల్సింది. మీరు చేరే బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా, అక్కడ బాగా ఆడే పిల్లల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. వాళ్ల ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఎన్నో అక్కడే ఆగిపోతాయి. క్రీడా పాఠశాలల ఎంపికల తేదీలు, ఖేలో ఇండియా ఎంపికల తేదీలు, పీఈసెట్ నోటిఫికేషన్ తెలుసుకుని స్టాఫ్‌రూమ్‌లో కాకుండా పిల్లలు నీళ్లు తాగే చోట అంటించండి. ఇంటికి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొదటి జీతం వచ్చినవాళ్లంతా కలిసి ఒక చిన్న నిధి మొదలుపెట్టండి. వచ్చే విద్యాసంవత్సరం మీ కాలేజీలో చేరే ఒక్క విద్యార్థి మెస్ బిల్లు అందులోంచి కట్టండి. ఎవరికి కట్టాలో మీ హెచ్‌ఓడీ గారిని అడిగితే ఈ సాయంత్రమే పేరు చెబుతారు. ఇంటికి బయలుదేరే ముందు అడిగి వెళ్లండి.