పట్టణములో ఒక ఆదివారము



మన పల్లెలలోని వయోవృద్ధులు హైదరాబాదునకు పోవు కారణములు నాలుగింటికి మించవు. ఆసుపత్రి యొకటి, పెండ్లి యొకటి, కచేరీలో కాగిత మొకటి, కొడుకునో కూతురినో చూచి వచ్చుట యొకటి. ఈ నాలుగవ పనిమీద పోయినవారు పది దినము లుండి తిరిగివచ్చి రచ్చబండ కడ కూర్చుండి చెప్పు మాటను నేను పెక్కు మారులు వింటిని. "ఏమున్నదయ్యా! ఆరవ అంతస్తులో ఒక గది, ఆ గదికి ఒక కిటికీ. అబ్బాయికి తీరిక లేదు. ఊరు చూడనే లేదు." ఇందులో అసత్యము లేదు. అయినను అబ్బాయి మీద మోపిన నేరము మాత్రము న్యాయమైనది కాదని నా యభిప్రాయము. ఆ సంగతి విన్నవించుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

నా కుమారుడు కూకటపల్లిలో కాపురముండును. ఉదయము ఎనిమిదింటికి ఇల్లు విడుచును. రాత్రి తొమ్మిదింటికి గాని గడప త్రొక్కడు. శనివారము నాడును టెలిఫోను వానిని విడువదు. మిగిలినది ఆదివార మొక్కటి. మన మేమి చేయుదుము? నాలుగున్నరకే లేచి, స్నానము ముగించి, సంధ్య వార్చుకొని, ఆరింటినుండి పడకటింటి తలుపు వైపు చూచుచు దగ్గుచుందుము. పంచాంగమున ఆదివారపు రాహుకాలము సాయంకాలము నాలుగున్నర మొదలు ఆరింటి వరకు. పట్టణపు ఉద్యోగికి రాహుకాలము ఆరు దినములు పట్టి ఆదివారము నాడు విడుచును. విడిచిన ఆ కాసింత సేపును మనము పట్టుకొందుము.

గడచిన మాఘమాసములో నేనట్లు చేయలేదు. అబ్బాయిని నిద్రపోనిచ్చితిని. కోడలితో చెప్పి, ఆమె కట్టి యిచ్చిన పెరుగన్నమును, మంచినీళ్ళ సీసాను సంచిలో నుంచుకొని, ఇంటి చిరునామాయు టెలిఫోను సంఖ్యయు వ్రాసిన చీటిని చొక్కా జేబులో పెట్టుకొని, మనుమని వెంటగొని ఎనిమిది గంటలకు బయలుదేరితిని. మనుమనికి పదునొకండేండ్లు. తెలుగు చక్కగా మాటలాడును; చదువుటకు మాత్రము ఆయాసపడును.

ఆ నగరమున 2017వ సంవత్సరము నవంబరు నుండి మెట్రో రైలు నడచుచున్నది. వీధి నడుమ స్తంభములు నాటి వానిపై పట్టాలు పరచినారు. కదలు మెట్లను చూచి మనవారు జంకుదురు. జంకవలసిన పని లేదు; కదలని మెట్లును కలవు, పైకి మోయు పెట్టెయు కలదు. బండిలో వృద్ధులకు ప్రత్యేకముగా పీటలున్నవి. అందొక పడుచువాడు కూర్చుండియుండెను. నన్ను చూచి తానే లేచెను. పట్టణమున మర్యాద చచ్చినదని చెప్పువారు దీనిని గమనింతురు గాక!

ప్రతి స్టేషనులో పేరు తెలుగున కూడ వ్రాసియున్నది. మనుమడు అక్షరము వెంట అక్షరము కూర్చి చదువుట మొదలిడెను. అమీరుపేట, పంజగుట్ట, ఖైరతాబాదు. లక్డీకాపుల్ రాగానే "ఇదేమి పేరు తాతయ్యా?" అని యడిగెను. లక్డీ యనగా కట్టె, పుల్ అనగా వంతెన యని చెప్పితిని. అచ్చటి నుండి వాడు ప్రతి పేరునకును అర్థ మడుగుచునే యుండెను. బడిలో నలువదేండ్లు చెప్పినవాడను. పలకయు బలపమును లేకుండ ఇంత సులభముగా పాఠము సాగుట నేనెరుగను.

నాంపల్లిలో దిగి అబిడ్సునకు నడచితిమి. ఆదివారము నాడు అచ్చటి దుకాణములు పెక్కు మూతపడియుండును. మూసిన తలుపుల ముందు, కాలిబాట పొడవునను, పాత పుస్తకములు పరచి అమ్ముదురు. పెద్దలారా, మీలో చదువరులైనవారు నగరమున మరేదియు చూడకున్నను దీనిని చూడుడు. ఇంగ్లీషు నవలలు, ఇంజనీరింగు పుస్తకములు కుప్పలు కుప్పలు. తెలుగు వెదుకవలెను, అడుగున నుండును. మోకాళ్ళ నొప్పిని మరచి గొంతుక్కూర్చుంటిని. అర్ధగంట వెదుకగా చిన్నయసూరి బాలవ్యాకరణము దొరకెను. అట్ట లేదు, తొలిపుటలో నెవరో విద్యార్థి నల్లసిరాతో వేసికొన్న సంతకము కలదు. సూత్రముల ప్రక్క పెన్సిలు గీతలు సంధి పరిచ్ఛేదము వరకు సాగి అచ్చట నాగినవి. ఏ విద్యార్థియైనను అచ్చటనే యాగును! మనుమడు తనకొక చందమామ సంపుటము నేరుకొనెను. 1947లో మొదలై పెక్కేండ్లు పిల్లల నలరించిన ఆ పత్రిక యిప్పుడు వెలువడుటలేదు. వాని తండ్రి దానికొరకు తపాలా బంట్రోతు త్రోవ కాచిన దినములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. అమ్మువాడు రెండింటికి కలిపి రెండువంద లడిగెను. బేరము చేసి నూటయేబది యిచ్చితిని. బేరమాడనిచో అతడే చిన్నబుచ్చుకొనునట్లు తోచెను.

అబిడ్సునకు సమీపమునే సుల్తాన్ బజారున్నది. అందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. 1901లో, నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా నున్న కాలమున, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు మున్నగువారు దీనిని స్థాపించిరి. దాని ముంగిట నిలిచి ఈ పేర్లు మనుమనిచే పలికించితిని. "కొమర్రాజు" అని వానికి నోరు తిరుగలేదు. మూడవ మారు తిరిగెను.

అచ్చటి నుండి ఆటోలో అఫ్జల్‌గంజి పోయితిమి. అందున్న ఉస్మానియా ఆసుపత్రికి మనవారు పెక్కండ్రు పోయియుందురు. కాని ఆ యావరణలోని చింతచెట్టును చూచినవా రెందరు? 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి ఘోరమైన వరద వచ్చెను. వేలకొలది జనులు మడిసిరి. సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మల నంటిపెట్టుకొని బ్రదికిరి. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రావించి వరదను కట్టుటకు ఉపాయము చెప్పించుకొనిరి. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను అట్లే యేర్పడినవి. చెట్టు క్రింద నిలిచినప్పుడు మనుమడు తల యెత్తి చాలసేపు చూచెను. "అంతమందిని ఎట్లు మోసినది తాతయ్యా?" అని యడిగెను. వేరు మూలమున మోసినదని చెప్పితిని. వానికి తృప్తి కలుగలేదు. కొమ్మలు లెక్కపెట్టనారంభించెను.

వంతెన దాటి ఎడమకు తిరిగితిమి. ఆవలి యొడ్డుననే సాలార్‌జంగు మ్యూజియము. శుక్రవారము సెలవు, ఆదివారము తెరచియుండును. మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగు, పెండ్లి మాట తలపెట్టక, తన సంపదనంతయు వస్తువుల సేకరణకు ధారవోసి 1949లో గతించెను. గదులు ముప్పదికి మించియున్నవి. అన్నియు చూడవలెనని పోకుడు. కాళ్ళు తప్ప మరేమియు జ్ఞాపకముండవు. మేము మూడు గదులు చూచితిమి. బెంజోనీ యను ఇటలీ శిల్పి 1876లో చెక్కిన రెబెక్కా పాలరాతి ప్రతిమ ముఖముపై మేలిముసుగు కలదు. ఆ ముసుగును రాయే! ముసుగు లోపలి ముక్కు తీరును రాయే! నేనచ్చట నిలిచిన సేపు మనుమడు విసుగు చెందెను. వాని ప్రాణము గడియారము మీద నున్నది.

ఆ గడియారమును కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారు కూర్చిరి. అందొక బొమ్మ కమ్మరి సుత్తితో క్షణము క్షణమును కొట్టుచుండును. గంట సమీపింపగానే గడ్డపు బొమ్మ యొకటి తలుపు తెరచుకొని వచ్చి గంట మ్రోగించి లోనికి పోవును. మేము పండ్రెండింటికి పది నిమిషముల ముందే కూర్చుంటిమి. క్షణక్షణమునకు జనము పెరిగెను. బురఖా వేసికొన్న తల్లులు, ఒడిలో పసివాండ్రు, తలపాగా చుట్టిన మనవంటి రైతులు, పరీక్షకు వచ్చిన విద్యార్థులు, అందరి చూపును ఆ చిన్న తలుపు మీదనే. తలుపు తెరచుకొనెను. జనము లెక్కపెట్టసాగిరి. ఏక్, దో అని కొందరు, వన్, టూ అని కొందరు. మా వాడు తెలుగున లెక్కించెను. పది వరకు తెలుగున సాగి, అచ్చట తడబడి, "లెవెన్, ట్వెల్వ్" అని ముగించెను. ప్రక్కనున్న ముసలాయన "పదకొండు, పన్నెండు బిడ్డా" అని తెలంగాణపు కమ్మని పలుకున దిద్దెను. అతడెవరో నేనెరుగను.

చార్మినారు దూరమునుండి చూచితిమి. 1591లో కట్టిన కట్టడము, మరునాటికి పోదు. చెట్టునీడను పెరుగన్నము తిని, ఇరానీ చాయి యను పేర పాలు చిక్కగా కాచిన తేనీరు త్రాగితిని. ఉదయము కాఫీ తప్ప మరేదియు ముట్టని నియమము నాది. మనుమని బలవంతమున సడలెను.

నాలుగింటికి అబ్బాయి టెలిఫోను చేసెను. "నాన్నగారూ, ఎక్కడున్నారు? నేను వత్తును" అనెను. పదునొకండింటి వరకు నిద్రించెనట. ట్యాంకుబండునకు రమ్మంటిని. వాడును కోడలును వచ్చునప్పటికి మేము నన్నయ మొదలు పోతన వరకు విగ్రహములు చూచి, నీటి నడుమనున్న బుద్ధుని కెదురుగ కూర్చుంటిమి. ఏకశిల, 1990లో తెప్పపై తెచ్చుచుండగా మునిగి, కొందరి ప్రాణములను బలిగొని, రెండేండ్లకు పైగా నీటియడుగున నుండి, 1992 డిసెంబరులో లేచి నిలిచినది.

అబ్బాయి బాలవ్యాకరణపు పుటలు త్రిప్పుచు, "ఆ చింతచెట్టు ఎచ్చట నున్నది?" అని యడిగెను. పదునాలుగేండ్లుగా ఆ యూర నున్నవాడు. కొడుకు చెప్పెను, తండ్రి వినెను. ఆ పిమ్మట మన యూరి చెరువును గూర్చియు, పెరటి గోడను గూర్చియు, తన ఉద్యోగములోని చిక్కులను గూర్చియు వాడు నాతో దీపములు వెలుగు వరకు మాటలాడెను. ఎనిమిది దినములుగా ఒక్క యింట నుండియు మేమంత మాటలాడియుండలేదు.

"వచ్చు ఆదివారము నేనును వత్తును. మధ్యాహ్నము మూడింటికి బయలుదేరుదము" అనెను.

మనుమ డొప్పుకొనలేదు. "మూడింటికి అది మూడే కొట్టును నాన్నా! పండ్రెండింటికే పోవలెను" అనెను.

అబ్బాయి కొంచెము సేపు ఆలోచించి, పదింటికి లేచుటకు సమ్మతించెను.