సిపాయిల జీతంతో మొదలైన విశ్వవిద్యాలయం



ఎవరి పేరున ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా సర్కారు కాలేజీలోనే చరిత్ర చెప్పారు. అందుకని ఈ ఏడు ఒక సర్కారు విశ్వవిద్యాలయం కథనే ఎంచుకున్నాను. అమెరికాలో మిస్సోరి రాష్ట్ర రాజధాని జెఫర్సన్ సిటీలో ఉన్న లింకన్ విశ్వవిద్యాలయం అది. నల్లజాతివారు దాన్ని ముందుగా నిలబెట్టుకున్నారు, ప్రభుత్వం తర్వాత వచ్చింది. ఈ వరస మరిచిపోతే ఎవరు ఎవరికి బాకీయో తారుమారవుతుంది.

1847లో మిస్సోరి శాసనసభ ఒక చట్టం చేసింది. నల్లవారికి చదవడం, రాయడం నేర్పే బడి నడపడం దాని ప్రకారం నేరం. అంతర్యుద్ధం వచ్చాక ఆ రాష్ట్రంలోని బానిసలే వేల సంఖ్యలో సైన్యంలో చేరారు. వారితో ఏర్పడినవే 62వ, 65వ నల్లజాతి పదాతి దళాలు. 62వ దళం శిబిరంలో కవాతుతో పాటు చదువూ సాగింది. పేకాడుతూ దొరికినవాడు అందరి ఎదుటా నిలబడి, పుస్తకం పట్టుకుని పాఠం నేర్చుకోవాలని అధికారి ఉత్తర్వు వేశాడు.

1866 జనవరిలో టెక్సాస్‌లోని మెకింతోష్ కోటలో ఆ దళం రద్దయింది. నేర్చిన నాలుగు అక్షరాలు ఇంటికెళ్లాక ఏమైపోతాయోనన్న బెంగతో సిపాయిలు చందాలు వేసుకున్నారు. నెలకు 13 డాలర్ల జీతగాళ్లు సుమారు 5,000 డాలర్లు పోగుచేశారు. 65వ దళం దాదాపు 1,400 డాలర్లు కలిపింది. ఆ డబ్బుకు మూడు షరతులు పెట్టారు: విముక్తులైన నల్లవారి మేలు కోసమే బడి ఉండాలి, మిస్సోరిలోనే ఉండాలి, చదువూ శ్రమా కలిసి నడవాలి. రిచర్డ్ బాక్స్టర్ ఫాస్టర్ అనే తెల్ల అధికారి ఆ బాధ్యత తలకెత్తుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో, శిథిలమైన ఒక పాత ఇంట్లో, లింకన్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.

ఉపాధ్యాయ శిక్షణ కోసం 1870లో రాష్ట్ర సాయం మొదలైంది. 1879లో బడి పూర్తిగా ప్రభుత్వ పరమైంది. 1890లో కేంద్రం రెండో మోరిల్ చట్టం తెచ్చింది. వ్యవసాయ, సాంకేతిక కళాశాలల నిధులు కావాలంటే నల్లవారిని చేర్చుకోవాలి, లేదా వారికి వేరే కళాశాల పెట్టి న్యాయమైన వాటా ఇవ్వాలి. మిస్సోరి రెండో దారి పట్టి, లింకన్‌ను చూపించింది. రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన తొలి నల్లజాతి సభ్యుడు వాల్తాల్ మూర్ పెట్టిన బిల్లుతో 1921లో అది విశ్వవిద్యాలయం అయింది. పేరు మారినంత వేగంగా నిధులు మారలేదు.

అసలు పరీక్ష 1930లలో వచ్చింది. 1935లో లింకన్‌లో పట్టా పుచ్చుకున్న లాయిడ్ గేన్స్, కొలంబియాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రానికి దరఖాస్తు పెట్టాడు. పక్క రాష్ట్రానికి వెళ్లి చదువుకో, ఫీజు మేమిస్తాం అన్నారు. చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ వాదించిన ఆ కేసులో 1938 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: తెల్లవారికి రాష్ట్రంలో ఏ చదువు దొరుకుతుందో నల్లవారికీ ఆ రాష్ట్రంలోనే దొరకాలి. రాష్ట్రం అప్పటికీ తలుపు తీయలేదు. 1939లో సెయింట్ లూయిస్‌లో లింకన్ పేరున హడావుడిగా ఒక లా కాలేజీ తెరిచింది. అంతకు ముందే, ఆ మార్చిలో, గేన్స్ షికాగోలో కనబడకుండా పోయాడు. లూసీల్ బ్లూఫర్డ్ అనే నల్లజాతి యువతి కొలంబియాలో జర్నలిజం సీటు కోసం పోరాడితే 1942లో లింకన్‌లోనే జర్నలిజం విభాగం వెలిసింది. కొలంబియాలో ఒకరిని ఆపడానికి లింకన్‌లో ఒక కొత్త శాఖ పుట్టేది.

అడ్డుగోడగా వాడుకున్న ఆ చోట నిజమైన పాండిత్యం పండడం విశేషం. లోరెంజో గ్రీన్ నల్లజాతి చరిత్రను అక్కడే దశాబ్దాల పాటు బోధించాడు. 1949లో ఆలివర్ క్రామ్‌వెల్ కాక్స్ సామాజికశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. ఆయన అంతకు ముందు ఏడాది వెలువరించిన ‘కాస్ట్, క్లాస్ అండ్ రేస్’ మనకు దగ్గరి గ్రంథం. అమెరికా వర్ణవివక్షను హిందూ కులవ్యవస్థతో ముడిపెట్టే వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. వర్ణవివక్ష మూలం పెట్టుబడిదారీ దోపిడీలో ఉందన్నాడు. కులం గురించి ఆయన చెప్పినదానితో మనం గట్టిగా విభేదించవచ్చు. కాని అటువంటి వాదానికి చోటిచ్చింది నిధుల కోసం చేయి చాచక తప్పని ఒక చిన్న విశ్వవిద్యాలయమని గమనించాలి.

1954 తర్వాత లింకన్ అన్ని జాతులవారికీ తెరుచుకుంది. నిధుల లెక్క మాత్రం తేలలేదు. 2023లో కేంద్ర విద్య, వ్యవసాయ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. 1890 చట్టం కింది నల్లజాతి విశ్వవిద్యాలయాలకు మూడు దశాబ్దాలలో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ముట్టిందని అందులో లెక్కగట్టారు. మిస్సోరి ఆ రాష్ట్రాల్లో ఒకటి.

రేపు బడ్జెట్ కాగితాల మీద సంతకాలు చేయబోయే విద్యార్థులు మీలో ఉన్నారు. ఒక వర్గం కోసం వేరుగా పెట్టిన సంస్థ ఏది కనబడినా రెండు ప్రశ్నలు అడగండి. పక్క సంస్థలో తలకు ఎంత ఖర్చవుతోంది, ఇక్కడెంత? దీన్ని తెరిచినరోజున మరెక్కడ తలుపు మూశారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే, ఆ సంస్థకు ఇచ్చే సొమ్మును దయ పద్దులో రాయాలో బాకీ పద్దులో రాయాలో మీకే తెలుస్తుంది.